చాపంత జాగా

పార్క్ లేన్‌ల ఆరువేలకు బేరం తెగింది.
బోరబండ దాకా ఆటోల నా ఒళ్లోనే.

ఆన్ చేస్తే ఎవరో ముబీన పేరు,
పక్కన పిల్లి బొమ్మ.
పాస్‌వర్డ్ మరిచిపోతే గుర్తుకు:
నానీ వాళ్ల గల్లీ పేరు.

దుకాణపాయన చీటీ మీద రాసిచ్చిన దారిల లోపలికి పోయి
తనకొకటి, తమ్మునికొకటి ఖాతా తెరిచింది నవనీత.
"నాకెందుకే" అనుకుంటనే
పొద్దుతిరుగుడు పువ్వు ఏరుకున్నది అత్త.

రేకుల కింద ఒక్కటే అర్ర మాది.
చీర మార్చుకోవాలన్నా
అందర్నీ గోడదిక్కు తిరుగుమనాలె.

నా వంతు.
"ఎవ్వరికీ చెప్పకమ్మా" అని
మొహం గోడదిక్కు తిప్పుకున్నది బిడ్డ.
ఒక్కో అక్షరం దేవులాడి కొట్టిన.
తెర మీద అన్నీ నల్ల చుక్కలే.

ముబీనను తీసెయ్యాల్నా అని అడిగింది మిషిను.
ఉండనీ.
చాపంత జాగా కూడ అడగదు గదా.