తొమ్మిది వీపు

బాయిలర్ చచ్చి మూడో రోజు.
ఫోన్‌లో డూగల్ రాంకిన్ గొంతు:
"రేపు తొమ్మిది వెనక వస్తాలే."

వెనక అంటే
ముందా, తర్వాతా?
గోడ వెనక తెలుసు, తలుపు వెనక తెలుసు.
అంకెకి వెనక ఏముంటుంది?

ఎందుకైనా మంచిదని ఎనిమిదిన్నరకే
కోటు మీద కోటు వేసుకుని కూర్చున్నాను.
గ్రీనాక్ వాన కిటికీని రుద్దుతూనే ఉంది,
మరక మాత్రం పోవడం లేదు.

తొమ్మిదైంది. తొమ్మిదీ పది.
మెట్లు కడుగుతున్న ఎఫీని అడిగాను.
తుడుపుకర్ర మీద గడ్డం ఆనించి చెప్పింది:
"తొమ్మిది నడుచుకుంటూ వస్తుందా,
నిన్ను దాటిపోతుందా,
అప్పుడు నీకు కనబడేది దాని వీపు.
అంతే, పిల్లా."

"ఎంతసేపు కనబడుతుంది?"
"మలుపు తిరిగేదాకా."
మలుపెక్కడంటే పది నిమిషాలంది.
నా మొహం చూసి పావుగంట చేసింది.
కింది వాటాలోంచి మెక్‌ఫెయిల్ ముసలాయన
తలుపు తీయకుండానే అరిచాడు:
"ఇరవై! ఇరవై దాటితే అది అబద్ధం!"

మా రీగాలో తొమ్మిదిన్నరని
సగం పది అంటాం.
పది ఇంకా వీధి మొదట్లో ఉండగానే
దానికి సగం పీట వాల్చేస్తాం.
ఇక్కడివాళ్ళు ఎదురెళ్ళరు. సాగనంపుతారు,
పోయే గంట వీపు కనబడినంతసేపూ
గుమ్మంలో నిలబడి.

"మా ఆయన ఆరు వెనక వచ్చేవాడు," అంది ఎఫీ,
"ఓడల యార్డు నుంచి, ముప్ఫయ్యేళ్ళు.
గడియారం చూసిందెవరు?
దుంపలు మెత్తబడిన వాసన,
ఆ వెంటనే కింద బూట్లు."
ఆ మాటని కూడా బకెట్లో ముంచి, పిండి,
తర్వాతి మెట్టు అందుకుంది.

తొమ్మిది వీపు పోయింది.
పది వీపు కూడా చూశాను,
దానికి గూని ఉన్నట్టుంది.
పదకొండుంపావుకి తలుపు తట్టి
డూగల్ సిగ్గుపడకుండా అన్నాడు:
"తొమ్మిది వెనకే బయల్దేరాను,
కాస్త వెనకబడ్డాను."

మూత విప్పాడు, ఈల వేశాడు,
ఏదో చిన్న కవాటం పోయిందట,
గ్లాస్గో నుంచి రావాలట.
"గురువారం ఎన్నింటికుంటావు ఇంట్లో?"

నాలుకకి ఆ మాట ఎలా తగిలిందో గాని
"నాలుగు వెనక," అన్నాను.

ఎంత వెనక అని అడగలేదు అతను.
ఈ ఊళ్ళో పుట్టినదాన్నే అన్నట్టు తలూపి
సంచీ భుజాన వేసుకుని
తడి మెట్ల మీద జాగ్రత్తగా దిగిపోయాడు.

గురువారం నాకు పని నాలుగున్నర దాకా.
ఆపైన, బస్సు దొరికితే.