పార్కింగ్ చీటీ

అబర్డీన్ చేపల షెడ్డులో పదకొండేళ్లు
కత్తి పట్టినదాన్ని.
పొట్ట కోత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో
నాకొకరు చెప్పక్కర్లేదు.

చేపకు రెప్పలుండవు.
నా రెప్పలకు టేపు. గొంతులో గొట్టం.
కదలమని చిటికెన వేలిని బతిమాలాను.
అది ఎవరిదో వేలు.
ఐసు మీది హాడక్ చేపకైనా
కాసేపు తోక ఆడుతుంది.

పైన ఎవరో పార్కింగ్ చీటీ పోయిందని విసుక్కున్నారు.
ఎవరిదో బూటు కిర్రుమంది.
లోపల చేతులు, మణికట్లదాకా.

అప్పుడు వాడు ఏడ్చాడు.
ఆ గదిలో
జవాబివ్వలేనిది నేనొక్కదాన్నే.

"కల అయ్యుంటుంది ఇష్‌బెల్," తెల్లారి డాక్టరు.
"చీటీ దొరికిందా?" అన్నాను.

పెన్ను మూత పెట్టడం మరిచిపోయాడు.

ఇప్పటికీ రాత్రి వాడేడిస్తే
ముందు చిటికెన వేలు కదిపి చూసుకుంటాను,
తర్వాతే లేస్తాను.