రెండే ఉన్నాయి కదా

భావనపాడు బడి, ఏడో తరగతి.
చింతపిక్కల్ని సిమెంటు గట్టు మీద
ఒకవైపు అరగదీసి తెచ్చారు పిల్లలు.
తెలుపా, నలుపా?
వందసార్లు వేసి రాయమన్నాను.

మైలపల్లి పోలేసుకి అరవై మూడు తెలుపులు.
"తొండి!" అన్నారంతా.
తొండి కాదు, వాడు మరీ లోతుగా అరగదీశాడు.
పిక్కకి రెండు ముఖాలున్నంత మాత్రాన
సగం సగం పంచాలని రూలేం లేదు.

అదే బోర్డు మీద రాస్తుంటే
వెనక నుంచి సూరాడ హైమ లేచింది.
"మా నాయిన ఏటకెల్తాడు సార్.
ఎల్తే తిరిగొత్తాడు, నేదంటే రాడు.
రెండే ఉన్నాయి కదా, మరి సగమా?"

కిటికీ అవతల ఇంజను పడవొకటి దగ్గుతోంది.
నేను నోరు తెరిచేలోపు తనే అంది:
"సగం అవదు సార్.
పొయ్యికాడ గోడ మీద మామ్మ బొగ్గుతో గీతలెడతాది,
ఒచ్చిన పాలికల్లా ఒకటి.
రాని పాలికి ఏటెట్టాలో దానికీ తెల్దు."

ఇంతకన్నా మంచి లెక్క నా పుస్తకంలో లేదు.
ఎన్ని గీతలమ్మా?

"అక్క పెళ్ళికి సున్నం ఏసీసినారు సార్."
క్లాసంతా నవ్వింది.
"మల్లీ ఒకటి కాణ్ణుంచి ఎడతన్నాం.
నిన్నటికి నాలుగు."

నాలుగు రాసి, కింద అడ్డగీత గీసి,
దాని కింద మళ్ళీ నాలుగు రాశాను.
ఒకటంటే తప్పనిసరి అని
సోమవారం నేనే చెప్పాను వీళ్ళకి.
ఆ ఒకటి రాయడానికి చెయ్యి రాలేదు.

ఇంతలో అన్నం గంట. ఇవాళ గుడ్డు.
పోలేసు పిక్కలన్నీ జేబులో పోసుకుని
అందరికన్నా ముందు పరిగెత్తాడు.