దోమలకు నారు పెట్టేవాడు

ఊళ్ళో దోమ పడితే తిట్టుకుంటారు.
నా దగ్గర దోమ తగ్గితే సారు తిడతాడు.
పదకొండేళ్ళుగా ఇదే నా ఉద్యోగం:
నెల్లూరు ఫారంలో, వలగుడ్డ గదిలో
సుడిదోమని సాకడం.
లేత నారు కుండీలు మార్చి మార్చి పెడతాను,
బాలింతకు పథ్యం పెట్టినట్టు.

ఆదివారం ఇందుకూరుపేట పోతే
మా బావ మడిలో గుండ్రంగా మాడిన చోటు,
కాలిన పెనం ఎవరో బోర్లించి పోయినట్టు.
"మీవేనా ఇవి?" అంటాడు. నవ్వడు.

ట్రేలో ముప్పై వరసలు. దోమని దులిపాను.
తొమ్మిదో రోజుకి అంతా వరిగడ్డి రంగు.
చావడానికనే వేసిన వరస ముందు పోయింది;
అది పోకపోతే
బతికినదాని మాట ఎవరు నమ్ముతారు?
పద్నాలుగోది మాత్రం పచ్చగా.
దోమ ఎక్కింది, ముక్కు గుచ్చింది, దిగింది,
మళ్ళీ ఎక్కింది, ఆకలితోనే దిగింది.
ఆ కాడ లోపల ఏముందో నాకు తెలీదు.
సారు కాయితంలో అదొక అంకె.

రెండు ఎడగార్లు పోయాక గుప్పెడు బియ్యం వచ్చినాయి.
కత్తెరతో కంకుల్లో మగపూత తీసే చెంగమ్మ
టీ కాచే స్టవ్వు మీదే వండింది.
ఒక ముద్ద నమిలి, నమిలి,
కాసేపు ఊరుకుంది.
"దోమకి నచ్చలా, సరే.
మనిషికన్నా నచ్చొద్దా అబ్బయా?"

అవతల మొలగొలుకుల మడి ఈనింది.
రేపు చీకటితోనే మళ్ళీ
కత్తెర, పట్టకారు, కాగితం తొడుగులు.

తలుపు వేసే ముందు
దోమలకు కొత్త నారు పెట్టాను.