కూత

మా ఘుగ్గుస్‌ల పొద్దు
కోడికూతతోని కాదు, గని సైరను కూతతోని తెల్లారేది.
అమ్మ ముందుగాల దండెం మీది చీర దులిపేది,
తర్వాత నన్ను లేపేది.

ఏడేండ్లప్పుడు చాందా దవాఖానల
డాక్టరమ్మ నా వీపుకు చల్లటి బిళ్ళ ఆనించి
"దమా ఆహే" అన్నది.
గల్లీలకొచ్చి దోస్తులందరికీ చెప్పిన,
డాక్టరమ్మే అన్నది, నాకు దమ్మున్నదని.
ఓదెలుగాడు నమ్మిండు.
మూడు రోజులు గోటీలాటల మొదటి వంతు నాకే ఇచ్చిండు.
అమ్మ మాత్రం బస్సుల దారిపొడుగునా మాట్లాడలేదు.

అదే దమ్ముతోని కబడ్డీల దిగిన.
అవతలి బస్తీ పోరలు హుతుతూ అనుకుంట వస్తరు,
మేము కబడ్డీ అనుకుంట పోతం.
ఏ భాషలనైనా రూలు ఒక్కటే:
కూత తెగితే ఔటు.

మా టీముకు బనీన్లు స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ ఇచ్చింది.
రొమ్ము మీద దాని పేరు, పెద్దగ, ఎర్రగ.
పేరు కింద నా పిల్లికూతలు.

చలికాలం పొగ మీదికి పోదు.
రాత్రి పదకొండు దాటినంక వదులుతరు.
తలుపు సందులల్ల తడిబట్టలు కుక్కినా
తెల్లారేసరికి పెరుగుగిన్నె మూత మీద
వేలుతోని పేరు రాయచ్చు.
బాపు ఆ పొగను ఒక్క మాట అనలేదు.
ఆయన జీతం దాని కిందికెళ్లే ఇంటికొచ్చేది.
రెండు మెత్తలు ఒళ్ళె పెట్టుకొని నేను కూసుండే నిద్రపోయేటోణ్ణి.
నా వీపు నిమురుకుంట అమ్మ ఏదో లెక్కపెట్టేది.
పోయే వ్యాగన్లనా, నా ఊపిర్లనా,
నేనెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు నాకు నలభై ఒకటి.
కూతకు పోను. కాలనీ గ్రౌండుల అంపైరును.
గీత పక్కన వంగి
పిల్లల గొంతుల్లకు చెవి పెట్టి
ఊపిరి తెగిందా, దొంగతనంగ పీల్చిండ్రా
పట్టుకునుడే నా పని.
చౌరస్తల గాలి లెక్క చూపే బోర్డు
ఆరిపోయి రెండేండ్లాయె.

నిన్న సాయంత్రం ఉజ్వల,
రాళ్ళబండి శంకరయ్య మనుమరాలు, తొమ్మిదేండ్లది,
ఇద్దర్ని ముట్టి గీత దాటొచ్చింది.
నోరు మూసింది.
కూత ఆగలేదు.
సన్నగ, లోపలెక్కడో పక్కటెముకల సందుల నుంచి
పిల్లి ఒకటి
నన్ను పేరు పెట్టి పిలిచింది.

రెండు పాయింట్లు! పిల్లలు ఎగురుతున్నరు.
దాని తల్లి గోడ దగ్గర నీళ్ళ సీసా పట్టుకొని నవ్వుతున్నది.
ఆమెకింకా వినబడలేదు.

జేబుల పంపు తడిమిన.
దాని చిన్న కిటికీల అంకె పదమూడు.
ఆట ఆపాలె.
విజిలు నోట్లనే ఉన్నది,
ఊదుటానికి
ఊపిరి కోసం చూస్తున్న.