రాత్రిని కుట్టడం

హామర్‌ఫెస్ట్‌లో జూన్ నెలకి రాత్రి ఉండదు.
పద్దెనిమిది రోజుల నీకు
ఆ సంగతి ఎవరు చెబుతారు?

రెండు గంటలవేళ కిటికీ నిండా ఎండ.
రేవులో సీగల్ పక్షుల కొట్లాట.
నువ్వేమో కళ్ళు విప్పార్చి
నా గడ్డం కింద ఏవో లెక్కలు చూసుకుంటున్నావు.

నర్సు గున్‌వోర్ నిన్న వచ్చి చెప్పిపోయింది:
పగలు గిన్నెలు మోగనీ, రేడియో వాగనీ.
రాత్రి పాలిచ్చేటప్పుడు మాటలొద్దు, ఆటలొద్దు,
కళ్ళలోకి చూడొద్దు.
కునుకు పడుతుండగానే తొట్లో వెయ్యి,
వెల్లకిలా, పక్కన ఏ బొమ్మా లేకుండా.

అన్నిటికీ తలూపాను,
కళ్ళ సంగతి ఒక్కటీ తప్ప.

మీ నాన్న ఆస్‌గెయిర్ పడవలో కప్పుకునే
నల్ల కంబళి రెండు ముక్కలు చేశాను.
ఉతికినా పోలేదు దాని చేపనూనె వాసన.
మిషన్ సూది రెండుసార్లు విరిగింది.
మూడోసారి చేత్తోనే కుట్టాను,
వేలికి గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని.

తెర దించాను.
చీకటి!
నేనూ నెల తర్వాత చూస్తున్నాను దాని మొహం.

కుట్టు తప్పినచోట మాత్రం
వెలుతురు చుక్క ఒకటి
గోడమీద పాకుతోంది.
నువ్వు దాన్ని చూస్తున్నావు.
నేను నిన్ను.

రేపు సరిచేస్తాలే.
ఇవాళ్టికి ఉండనీ,
మరీ ఒక్క చుక్కయినా లేకుండా
రాత్రి అంటే నువ్వు నమ్మొద్దూ?

మూడున్నరకి మళ్ళీ లేచావు.
నేనేం మాట్లాడలేదు.