పారేసిన ముక్కలు

మొదటి ఏడాది నేను చూసింది నా పదమూడు ముక్కలనే.
విసనకర్రలా విప్పి, రంగులవారీ సర్ది,
రాణి వస్తే మురిసి, రెండు వస్తే మొహం మాడ్చి.
నర్సాపురంలో, వశిష్ఠ గట్టు దిగాక మూడో సందు,
లేసు కుట్టే వరండాలో
దారపుండలన్నీ చాటలోకి తోసి
నలుగురం ఆడేవాళ్ళం,
ఎండ చాప మీంచి మెట్టు దిగేదాకా.
లెక్కకి చింతపిక్కలు.
నా డబ్బా ఎప్పుడూ ఖాళీ.

ఓ రోజు గుబ్బల మేరీరత్నం గారు
నా చేతిలో ముక్కలు లాక్కుని బోర్లించి
"కింద ఏం పడ్డాయో వరసగా చెప్పు" అన్నారు.
కళావరు తొమ్మిది, అన్నాను. ఆ తర్వాత డైమను ఏదో.
"ఏదో అనే ముక్క పేకలో లేదమ్మాయ్."

ఆవిడ చదివింది ఐదో క్లాసు.
అరవై గొలుసుల పువ్వు మధ్యలో వదిలి
పాలవాడితో ఇంతసేపు దెబ్బలాడొచ్చి
సరిగ్గా నలభై మూడో గొలుసులోనే కొక్కెం దించుతారు.
"కుట్టు తప్పితే విప్పుకుంటాం.
పారేసిన ముక్కని విప్పుకోలేం. అంతే తేడా."

ఇద్దరు రాజుల్ని చంకనెట్టుకుని
మూడో రాజు కోసం ఆట చివరిదాకా కూర్చునేదాన్ని.
లైఫు లేదు, దారీ లేదు.
"ఆగిపోయిన పంటు కోసం రేవులో కూర్చున్నట్టుందే నీ వాలకం!
చించినాడ దగ్గర వంతెన వేసి ఎన్నేళ్ళయింది?"

ముసురు పట్టిన రాత్రుళ్ళు, కాలవలో కప్పలు గోల చేస్తుంటే
నాలుగు చేతులు పంచి నలుగురి ఆటా నేనే ఆడేదాన్ని.
లీలావతిలా తొందరపడి,
వజ్రమ్మలా జోకర్లు దాచుకుని,
మేరీరత్నం గారిలా ముక్క తీసేముందు ముక్కు గోక్కుని.
నా వంతు వచ్చేసరికి
నాలా అంటే ఎలాగో తెలీలేదు.

ఓడిన ఆటలు దారం లెక్కల పుస్తకం వెనక రాశాను.
ముప్ఫై తొమ్మిది.
చెయ్యి బాగోక పోయినవి పదకొండు.
మిగతా ఇరవయ్యెనిమిదీ నా చేతులారా.
ఆ పేజీ చాలా రోజులు ఎవరికీ చూపించలేదు.

పాలకొల్లులో ఆడవాళ్ళ పోటీకి
మేరీరత్నం గారు రాలేదు, మోకాళ్ళు.
మొదటి పంపకంలోనే ముగ్గురు రాజులు, ఇద్దరు రాణులు,
జోకరు కూడా. చూడ్డానికి పెళ్ళి ఫొటోలా ఉంది.
వరసలో కలిసే ముక్క ఒక్కటీ లేదు.
స్కూటు, అన్నాను. ఇరవై పాయింట్లు.
వెనక నించున్నావిడ అయ్యో అంది.
మూడు తిరుగుళ్ళలో ఆట అయింది,
ఇద్దరికి నిండా ఎనభై.
అప్పుడు మంచినీళ్ళు తాగాను.

ఆఖరి ఆటలో ఎదురుగా ఆచంట నుంచొచ్చిన వసుంధర.
కిందపడ్డ ఆఠీను ఆరుని చటుక్కున తీసింది.
నా దగ్గర ఆఠీను ఐదు.
ప్రాణం పోయినా వదలనని
దాని బదులు కళావరు పది పారేశాను.
మరుసటి ముక్క కళావరు జాకీ,
నా తొమ్మిది పక్కన ఒంటరిగా కూర్చుంది.
వసుంధర షో కొట్టింది. మూడు రంగుల మూడు ఆర్లు.
ఆవిడకి ఐదుతో పనే లేదు.

నాలుగు పాయింట్లు తేడా. గ్రైండరు ఆవిడకి,
నాకు స్టీలు క్యారేజీ.
నర్సాపురం బస్సులో క్యారేజీ ఒళ్ళో గలగలలాడుతూనే ఉంది.

గెలిచావా అని అడగలేదు మేరీరత్నం గారు.
"ఆవిడ ఏం పారేసింది?" అన్నారు, కుట్టు మీంచి తలెత్తకుండా.
గడగడా చెప్పాను, ఒక్కటీ తప్పకుండా:
ఇస్పేటు రాణి, డైమను రెండు, ఆఠీను నాలుగు,
కళావరు ఆసు, ఆఠీను ఏడు...

ఆగాను.

ఆవిడ కొక్కెం దారపుండకి గుచ్చి
చాప దులిపారు.
"కొయ్యి" అన్నారు.